వైరల్ జ్వరం తగ్గాక కాళ్లు పట్టు తప్పితే: సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఫెరిటిన్ రిపోర్టులు ఎంతవరకు నమ్మాలి?

#1 నాగావళి_ల్యాబ్

వానలు పడ్డ దగ్గర్నుంచి సిరిమాను పండుగ దాటేదాకా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డెంగ్యూ, చికున్‌గన్యా, పేరు తేలని జ్వరాలు నడుస్తూనే ఉంటాయి. జ్వరం తగ్గి వారం పది రోజులయ్యాక కాళ్లు పట్టు తప్పిందనో, మూతి పక్కకి పోయిందనో, మూత్రం ఆగిపోయిందనో, పిల్లాడు మత్తుగా పడి ఉన్నాడనో వస్తారు. చీటీలో దాదాపు ఒకటే వరుస ఉంటుంది: సీబీపీ (రక్తకణాల లెక్క), ఒంట్లో వాపుని, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ని, చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఫెరిటిన్, అప్పుడప్పుడు ఐఎల్-6 (వాపు కబురు మోసే ప్రోటీన్). రిపోర్టు చేతిలో పెట్టగానే కౌంటరు దగ్గర ఒకటే ప్రశ్న: "సీఆర్‌పీ నార్మలే కదండీ, మరి నరాలకేటీ లేనట్టేనా?"

ఇక్కడ డాక్టర్లూ, ల్యాబు వాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఒకటి, ఆ ప్రశ్నకి సరైన జవాబేటి? రెండు, శాంపిల్ విశాఖ పంపేటప్పుడు ఏది దారిలో పాడవుతుంది, ఏది తట్టుకుంటుంది? మూడు, ఐవీఐజీ (దాతల యాంటీబాడీల డ్రిప్) పెట్టకముందే తీసి ఉంచాల్సిన ట్యూబులు ఏవి? మూడోది ఎవరూ చీటీ మీద రాయరు. మర్నాడు ఫోన్ చేసి అడుగుతారు, అప్పటికి డ్రిప్ సగం ఎక్కేసి ఉంటుంది.

#2 కోట_జంక్షన్

మొదటి ప్రశ్నకి ఒక్క ముక్కలో: లేనట్టు కాదు.

సీఆర్‌పీ పుట్టేది నరంలోనో మెదడులోనో కాదు, కాలేయంలో. రక్తంలో ఐఎల్-6 తగినంత పెరిగితేనే కాలేయానికి కబురు అందుతుంది. అందిన 6 నుంచి 8 గంటల్లో సీఆర్‌పీ ఎక్కడం మొదలై, దాదాపు రెండో రోజుకి శిఖరం చేరుతుంది. కబురు ఆగిందంటే అంతే వేగంగా దిగుతుంది, ఎందుకంటే దాని అర్ధాయువు సుమారు 19 గంటలే. జ్వరం నాడు 96 ఉందనుకోండి. తయారీ పూర్తిగా ఆగితే 19 గంటలకి 48, 38 గంటలకి 24, అలా అయిదు సగాలు, అంటే దాదాపు నాలుగు రోజులకి 3 దగ్గరకొచ్చేస్తుంది.

ఇప్పుడు జీబీఎస్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద పడి కాళ్లు చేతులు పడగొట్టే గిలాన్-బరే జబ్బు) సంగతి చూడండి. అది సాధారణంగా ఇన్‌ఫెక్షన్ తర్వాత 1 నుంచి 4 వారాలకి మొదలవుతుంది. అప్పటికి జ్వరం నాటి సీఆర్‌పీ దిగిపోయి ఉంటుంది. నరం మీద జరుగుతున్న దాడి యాంటీబాడీలది, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లది, నరం మీది పొర మైలిన్‌ని గీకేసే మాక్రోఫేజ్ కణాలది. ఆ గొడవంతా నరాల వేళ్ల దగ్గరే సాగుతుంది, కాలేయాన్ని లేపేటంత ఐఎల్-6 రక్తంలోకి పొంగదు. అందుకే రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయిన మనిషిలో కూడా సీఆర్‌పీ 2 ఉండొచ్చు. ఏడెమ్ (ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే మెదడు, వెన్నుపాము వాపు) లోనూ, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ (వెన్నుపాము వాపు) లోనూ ఇదే వరస. వెన్నునీటిలో ఐఎల్-6 బాగా పెరిగి ఉన్నా, అదే రోజు తీసిన సీరంలో మామూలుగా ఉండొచ్చు.

మరి ఎందుకు చేయించాలి? జీబీఎస్‌ని పట్టడానికి కాదు, జీబీఎస్ కానిదాన్ని పట్టడానికి. నడుం నొప్పి, జ్వరం, కాళ్ల నీరసం మూడూ కలిసొచ్చి ఈఎస్‌ఆర్ 90, సీఆర్‌పీ 150 ఉంటే అది వైరల్ తర్వాతి జబ్బు అనుకుని కూర్చోకూడదు. వెన్ను లోపల చీము గడ్డ ఉందేమో ఆ రోజే ఎమ్మారై తీయించాలి. అలాగే జీబీఎస్ అని తేలి వార్డులో ఉన్న మనిషికి అయిదో రోజు సీఆర్‌పీ హఠాత్తుగా ఎక్కితే నరాల జబ్బు ముదిరిందని కాదు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోయిన ఎంగిలి, మూత్రపు గొట్టం, చేతికున్న కాన్యులా, ఈ మూడూ వరసగా చూడాలి.

ఇంకో మాట. 2025 జనవరిలో పుణేలో జీబీఎస్ కేసులు గుంపుగా వచ్చినప్పుడు వేలు కలుషితమైన నీటి వైపు, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా వైపు చూపించింది. కాబట్టి "వైరల్ జ్వరం వచ్చిందా" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. గత ఆరు వారాల్లో విరేచనాలు అయ్యాయా అని కూడా అడగండి.

#3 రాజాం_స్లైడు

డాక్టరు గారు చెప్పిన 96, 48 లెక్క మెషీన్ ఉన్నచోట సరిపోతుంది. మండల కేంద్రాల్లో ఇంకా చాలాచోట్ల నడిచేది లాటెక్స్ స్లైడే (సీఆర్‌పీ ఉంటే లాటెక్స్ రేణువులు ముద్దకట్టే పరీక్ష). దాని సంగతి విడిగా చెప్పుకోవాలి.

స్లైడు మీద 50 మైక్రోలీటర్ల సీరం, పక్కన ఒక చుక్క లాటెక్స్. పుల్లతో కలిపి వృత్తమంతా పరిచి, సరిగ్గా 2 నిమిషాలు స్లైడుని నెమ్మదిగా ఊపాలి. రెండో నిమిషంలోనే చదవాలి. ఫోన్ మోగింది కదా అని నాలుగో నిమిషంలో చూస్తే అంచులు ఎండి గుగ్గిళ్లలా కనిపిస్తాయి, అది పాజిటివ్ కాదు. ఫ్యాను కింద ఈ పని చేస్తే ఎండడం ఇంకా ముందే మొదలవుతుంది. రీఏజెంట్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడకూడదు, గది వేడికి రానివ్వాలి. ఫ్రీజర్ గోడకి ఆనుకుని ఒకసారి గడ్డకట్టిందంటే ఆ సీసా ఇక పనికిరాదు, కరిగాక లాటెక్స్ దానంతటదే ముద్దలు కడుతుంది. ప్రతి బ్యాచ్‌కీ పాజిటివ్, నెగటివ్ కంట్రోల్ పక్కన పెట్టుకోవాలి.

పాజిటివ్ వస్తే సెలైన్‌తో 1:2, 1:4, 1:8 పలుచన చేసుకుంటూ పోవాలి. చాలా కిట్లలో కనిష్ఠం లీటరుకి 6 మిల్లీగ్రాములు. చివర పాజిటివ్ వచ్చింది 1:8 అయితే 8 ఆరులు 48. కానీ ఆ 48 అంటే 48కీ 96కీ మధ్య ఏదైనా కావచ్చు. ఒక మెట్టు అటో ఇటో అయితే సగానికి సగం తేడా. అందుకని స్లైడు మీద నిన్న 48, ఇవాళ 24 వచ్చింది కాబట్టి తగ్గుతోంది అని ఎవరైనా అంటే నమ్మకండి. రుమటాయిడ్ ఫాక్టర్ ఉన్నవాళ్లలో అబద్ధపు పాజిటివ్ కూడా వస్తుంది. చికున్‌గన్యా తర్వాత కీళ్ల నొప్పులతో వచ్చేవాళ్లలో కొందరికి ఆ ఫాక్టర్ అప్పటికే ఉండొచ్చు.

#4 నాగావళి_ల్యాబ్

మాస్టారూ, మీరు యూనిట్ల పేరెత్తలేదు. నిజానికి గొడవ అక్కడే. ఒక ల్యాబు లీటరుకి మిల్లీగ్రాముల్లో 12 అని ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకి 1.2 అని ఇస్తుంది. రెండూ ఒకటే. ఒక కాగితం ఇక్కడిది, ఇంకోటి విశాఖది పక్కపక్కన పెట్టుకుని "పన్నెండు నుంచి ఒకటికి దిగిందండీ" అని సంతోషపడేవాళ్లున్నారు. అంకె కింద గీత గీసి యూనిట్ పెద్ద అక్షరాల్లో రాయడం తప్ప దీనికి మందు లేదు.

#5 జీడితోట

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుంచి వచ్చే శాంపిల్స్‌లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) చూడకుండా ఈ మార్కర్లని చదవడం తప్పు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మరీనూ, ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే సీఆర్‌పీ, ఐఎల్-6 కాస్త ఎక్కువగా ఉంటాయి. రక్తహీనత వల్ల ఈఎస్‌ఆర్ పైకి పోతుంది. నరానికి ఐరన్ ఎక్కించి ఉంటే ఫెరిటిన్ వందలు దాటుతుంది. బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌కి చూసే ప్రోకాల్సిటోనిన్ డయాలసిస్ మనిషిలో 0.5 దాటి ఉండడం వింతేమీ కాదు. అంటే మామూలు మనిషికి పెట్టిన గీతలన్నీ ఇక్కడ తప్పుతాయి.

అందుకని ఇలాంటివాళ్లలో పాత అంకె కావాలి. పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో, డయాలసిస్ యూనిట్‌లోనో నెలవారీ పరీక్షల కాగితాలు ఉంటాయి, అవి తెప్పించండి. మూడు నెలలుగా సీఆర్‌పీ 9, 11, 10 ఉన్న మనిషికి ఇవాళ 12 వస్తే అది కబురే కాదు. 10 నుంచి 80 అయితే అది కబురు. శాంపిల్ డయాలసిస్ మొదలెట్టకముందు తీయాలి, ఐరన్ ఎక్కించిన వారంలో ఫెరిటిన్ అడగకూడదు.

మందు వైపు కూడా ఒక హెచ్చరిక. కిడ్నీ పాడైనవాళ్లకి ఐవీఐజీ రాస్తే చక్కెర, అంటే సుక్రోజ్, కలిపిన రకం వద్దు. సీసా అట్ట మీద స్టెబిలైజర్ పేరు ఉంటుంది, చదవండి. హెర్పిస్ అనుమానంతో ఎసైక్లోవిర్ పెడితే డోసు కిడ్నీని బట్టి తగ్గించాలి. తగ్గించకపోతే ఆ మందే మత్తు, కలవరింత తెస్తుంది. దాన్ని మెదడు వాపు ముదిరిందని పొరపాటు పడతారు.

#6 బొబ్బిలి_పెథాలజీ

ఈఎస్‌ఆర్ (గంటలో ఎర్ర కణాలు గొట్టంలో ఎంత దిగాయన్న లెక్క) గురించి ఎవరూ వివరంగా రాయలేదు. "పాతది, చవకది" అని చిన్నచూపు. పాతదే గానీ, సరిగ్గా చేస్తే ఇప్పటికీ పనికొస్తుంది. సరిగ్గా చేసేవాళ్లే తక్కువ.

నల్ల మూత ట్యూబు: 4 పాళ్ల రక్తానికి 1 పాలు సిట్రేట్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు). అంటే 0.4 మి.లీ. సిట్రేట్ ఉన్న ట్యూబులో గీత దాకా 1.6 మి.లీ. రక్తం. నీలం మూతలో 9కి 1 పాలు ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే పరీక్షలు డీ-డైమర్‌కీ పీటీకీ. నల్ల మూత అయిపోయిందని నీలం ట్యూబులోంచి ఈఎస్‌ఆర్ చదివే వెస్టర్‌గ్రెన్ గొట్టం నింపితే ఆ అంకె దేనికీ సరిపోలదు. గొట్టం నిలువుగా ఉండాలి. 3 డిగ్రీలు వాలినా కణాలు గోడ వెంట జారి, అంకె దాదాపు 30 శాతం దాకా పెరగొచ్చు. స్టాండు ఉన్న బల్ల మీదే సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే ఆ అదురుకీ పెరుగుతుంది. గది వేడి 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం చేసిన ఈఎస్‌ఆర్‌లో ఎండ వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? తీసిన 4 గంటల్లోపు పెట్టాలి. చదవడం సరిగ్గా 60 నిమిషాలకి. అరగంటకి చూసి రెట్టింపు చేయడం అనేది పరీక్ష కాదు.

వయసు గీతకి ఒక తేలిక లెక్క ఉంది. మగవాళ్లకి వయసులో సగం, ఆడవాళ్లకి వయసుకి 10 కలిపి అందులో సగం. 60 ఏళ్ల ఆవిడకి 35 దాకా పట్టించుకోనక్కర్లేదు.

మన ఏజెన్సీ మండలాల నుంచి వచ్చే శాంపిల్స్‌లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగే జబ్బు) ఒకటి ఉంది. కొడవలి కణాలు నాణేల దొంతరలా పేరుకోవు, అందుకని ఈఎస్‌ఆర్ అబద్ధంగా తక్కువొస్తుంది. హిమోగ్లోబిన్ 7 ఉండి ఈఎస్‌ఆర్ 3 వస్తే సంతోషపడకుండా స్మియర్ (గాజు పలక మీది రక్తపు పూత) చూడండి, సికిల్ టెస్ట్ పెట్టండి.

ఐవీఐజీ పెట్టాక ఈఎస్‌ఆర్‌ని పక్కన పడేయండి. ఎక్కించింది ఇమ్యునోగ్లోబులినే, దాని వల్లే కణాలు దొంతర్లు కట్టి ఈఎస్‌ఆర్ ఎక్కుతుంది. జబ్బు తగ్గుతుంటే అంకె పెరగడం చూసి ఇంటివాళ్లు హడలిపోతారు. ఆ తర్వాత సీఆర్‌పీ ఒక్కటే చూడాలి.

#7 మందుల_చీటీ

ఇవన్నీ ఎందుకండీ, సీబీపీలోనే ఎన్‌ఎల్‌ఆర్ ఉంది కదా. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగిస్తే చాలు. అది ఎక్కువ ఉన్న జీబీఎస్ కేసులు కష్టమైనవని పేపర్లు వచ్చాయి. ఖర్చు సున్నా.

#8 కోట_జంక్షన్

ఖర్చు సున్నాయే, విలువ కూడా చాలాసార్లు అంతే. పేపర్లు వచ్చిన మాట నిజం. అవి గుంపు సగటులు. ఎదురుగా ఉన్న ఒక మనిషికి వెంటిలేటర్ కావాలా వద్దా అన్నది ఎన్‌ఎల్‌ఆర్ చెప్పదు. పైగా మన దగ్గరకొచ్చేసరికి చాలామందికి బయట ఒక డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ పడిపోయి ఉంటుంది. స్టెరాయిడ్ పడ్డ కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ గోడలు వదిలి రక్తంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్స్ పడిపోతాయి. 2 ఉన్న ఎన్‌ఎల్‌ఆర్ మర్నాటికి 9 అయితే అది స్టెరాయిడ్ లెక్క, నరాల లెక్క కాదు. అదే స్టెరాయిడ్ సీఆర్‌పీని కిందకి లాగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందకి పోతే చీటీ మీద ఇంజెక్షన్ పేరు వెతకండి.

అసలు జీబీఎస్‌కి స్టెరాయిడ్ పనిచేయదు కూడా. ఐవీఐజీ, లేదా ప్లాస్మా మార్పిడి, ఈ రెండే.

#9 వంశధార_ఫిజియో

కష్టం ఎటు పోతోందో తెలియడానికి రక్తం అక్కర్లేదు. మంచం పక్కన నిలబడి, ఒక్క ఊపిరి పీల్చి సెకనుకి రెండు చొప్పున గట్టిగా ఒంట్లు లెక్కపెట్టమనండి. 20 దాటకుండా ఆగిపోతే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టు. తల దిండు మీంచి ఎత్తగలుగుతున్నారా చూడండి, మెడ కండరాలు, ఊపిరి కండరాలు కలిసే పడతాయి. స్పైరోమీటర్ ఉంటే వైటల్ కెపాసిటీ కిలోకి 20 మి.లీ. కంటే దిగితే ఐసీయూ మాట. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసుకోవాలి. ఆక్సిజన్ క్లిప్‌లో 98 ఉందని నిమ్మళంగా ఉండొద్దు, అది చివర్లో పడుతుంది.

#10 మందుల_చీటీ

సరే, ఒప్పుకున్నాను. డెక్సా సంగతి మాత్రం నిజమే, చీటీల్లో కనిపిస్తూనే ఉంటుంది.

#11 బొబ్బిలి_పెథాలజీ

ఇక నాగావళి గారి మూడో ప్రశ్న. ఐవీఐజీ డోసు కిలోకి 0.4 గ్రాములు రోజుకి, 5 రోజులు. 60 కిలోల మనిషికి రోజుకి 24 గ్రాములు, మొత్తం 120 గ్రాములు. అదంతా వేలాదిమంది దాతల యాంటీబాడీల మిశ్రమం. అది ఎక్కాక చేసిన ఐజీజీ (యాంటీబాడీ) పరీక్షల్లో కనపడేది దాతల చరిత్ర, రోగిది కాదు. హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చి ఇంట్లో గొడవలయ్యేది అందుకే. ఇలా వచ్చిన పాజిటివ్‌లు వారాల తరబడి, ఒక్కోసారి నెలల దాకా వస్తూనే ఉంటాయి.

కాబట్టి మొదటి సీసా తగిలించకముందు: పసుపు మూత ట్యూబులు రెండు, ఒక్కోటి 5 మి.లీ. గది వేడిలో నిలబెట్టి 30 నిమిషాలు గడ్డకట్టనివ్వండి, తర్వాత 10 నిమిషాలు తిప్పండి. వచ్చిన సీరంని అర మి.లీ. చొప్పున నాలుగు చిన్న గొట్టాల్లోకి పంచండి. ఒకటి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సికి. ఒకటి డెంగ్యూ, చికున్‌గన్యా, స్క్రబ్ టైఫస్ (సన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) ఐజీఎమ్‌లకి, అంటే జబ్బు కొత్తలో పుట్టే యాంటీబాడీలకి. ఒకటి ఆక్వాపోరిన్-4, మోగ్ (MOG) యాంటీబాడీలకి, ముఖ్యంగా కళ్లు మసకబారినా, వెన్నుపాము దెబ్బతిన్నా, పిల్లల్లో ఏడెమ్ అనుకున్నా. ఏడెమ్ పిల్లల్లో దాదాపు సగం మందిలో మోగ్ పాజిటివ్ ఉంటుంది, దానికి వెన్నునీటికన్నా సీరమే మంచిది. నాలుగోది ఎవరికీ ఇవ్వకుండా మైనస్ 20లో ఉంచండి. ప్రతి గొట్టం మీదా పేరు, తేదీ, గంట, "ఐవీఐజీకి ముందు" అని రాయాలి. మార్కర్ ఆల్కహాల్‌కి చెరిగిపోయే రకం వద్దు.

ఐవీఐజీ తర్వాత సోడియం తక్కువొస్తే కంగారుపడి సెలైన్ గట్టిది ఎక్కించేయొద్దు. రక్తంలో ప్రోటీన్ పెరిగినప్పుడు పెద్ద ఎనలైజర్లు పలుచన చేసి కొలిచే పద్ధతిలో సోడియంని తక్కువ చూపిస్తాయి. ఏబీజీ (రక్తంలో వాయువులు కొలిచే) మెషీన్ పలుచన చేయకుండా నేరుగా కొలుస్తుంది, అందులో చూడండి. అందులోనూ తక్కువే వస్తే అది నిజం. జీబీఎస్‌లో సోడియం నిజంగా పడిపోవడమూ ఉంది.

#12 నాగావళి_ల్యాబ్

ఇది అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. మరి దారి సంగతి? శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం నుంచి అయితే దానికి రెట్టింపు. బస్సు పార్సిల్‌లో పొద్దున వేస్తే చేరి మెషీన్ ఎక్కేసరికి సాయంత్రం.

#13 బొబ్బిలి_పెథాలజీ

సీఆర్‌పీ, ఫెరిటిన్ మొండివి. సీరం విడదీసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య పంపితే రోజుల తరబడి నిలుస్తాయి. ఐఎల్-6 పెంకిది. విడదీయని రక్తంలో కణాలు బతికే ఉంటాయి. అవి ఐఎల్-6ని వదలనూవచ్చు, ఉన్నది కరిగిపోనూవచ్చు. గంట లోపు తిప్పి, ప్లాస్మానో సీరాన్నో వేరు చేసి, గడ్డకట్టించి పంపలేకపోతే ఐఎల్-6 రాయకపోవడమే మేలు. సాయంత్రానికి చేరిన ఊదా ట్యూబులోంచి వచ్చిన ఐఎల్-6 అంకె రోగిది కాదు, ప్రయాణానిది.

ఇంకో ఉచ్చు పొటాషియం. కాళ్లు హఠాత్తుగా పడిపోయిన మనిషిలో జీబీఎస్ కంటే ముందు చూడాల్సింది పొటాషియమే, 2.2 ఉంటే మందు వేరు, కొన్ని గంటల్లో లేచి నడుస్తారు. రక్తాన్ని విడదీయకుండా ఐసు పెట్టెలో అయిదు గంటలు ఉంచితే చలికి కణాల పంపు ఆగి, లోపలి పొటాషియం బయటికి కారుతుంది. 2.2 కాస్తా 3.8 అయి కూర్చుంటుంది, అసలు జబ్బు మాయమైపోతుంది. పొటాషియం ఉన్న ఊళ్లోనే చేయాలి, లేదా సీరం వేరుచేసి పంపాలి. ట్యూబుని నేరుగా ఐసుగడ్డకి ఆనించొద్దు, మధ్యలో గుడ్డో థర్మాకోలో ఉండాలి.

#14 మందుల_చీటీ

నా వైపు నుంచి పనికొచ్చే ముక్క ఒకటి. కాళ్లు తిమ్మిరి అనగానే అందరూ మొదట వాడేది "నరాల బిళ్లలు". వాటిలో కొన్నింట్లో మిథైల్‌కోబాలమిన్‌తో (బి12) పాటు బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. జుట్టుకి వాడేవాటిలో అయితే 10 మిల్లీగ్రాములు కూడా. బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జత మీద నడిచే మెషీన్లలో ఫెరిటిన్, ప్రోకాల్సిటోనిన్, ఐఎల్-6 లాంటివి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. శాంపిల్ తీసే ముందు స్ట్రిప్పు తెమ్మని వెనక అట్ట చదవండి. పెద్ద డోసయితే రెండు మూడు రోజులు ఆపి తీయాలి. ఆగే వ్యవధి లేకపోతే ల్యాబుకి ఆ మాట రాసి పంపాలి. సీఆర్‌పీ టర్బిడిమెట్రీ (ద్రవం ఎంత మబ్బుగా మారిందో కొలిచే పద్ధతి) మీద చేస్తే దీని బెడద లేదు.

#15 జీడితోట

మంచి మాట చెప్పారు. బి12 పరీక్ష రాసి ఉంటే ఆ బిళ్లల వల్ల అది కూడా గల్లంతే.

#16 కోట_జంక్షన్

ఫెరిటిన్ గురించి. డెంగ్యూలో వేలల్లో ఉండడం తరచూ చూసేదే, అది ఒక్కటే చూసి బెదరనక్కర్లేదు. జ్వరం తగ్గాల్సిన రోజులకి తగ్గక, ప్లీహం పెరిగి, రెండు మూడు రకాల కణాలు కలిసి పడిపోతూ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కి, రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ పడి, మనిషి మత్తులోకి జారుతుంటే అప్పుడు హెచ్‌ఎల్‌హెచ్ (రక్షణ కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాల్నే మింగే జబ్బు) ఆలోచించాలి. ఆ ప్రమాణాల్లో ఫెరిటిన్ గీత 500, మన దగ్గర అది చాలా తేలికగా దాటేస్తుంది. పిల్లల్లో 10,000 దాటితే గట్టిగా అనుమానించాలి. ఎర్ర కణాల్ని దొంతర్లు కట్టించే ఫైబ్రినోజెన్ పడిపోవడం వల్ల ఈఎస్‌ఆర్ దిగుతుంది, జబ్బు ముదిరేకొద్దీ ఈఎస్‌ఆర్ "బాగుపడుతుంది". సీఆర్‌పీ ఎక్కువ, ఈఎస్‌ఆర్ తక్కువ అనే జోడీ కనపడితే ఉలిక్కిపడాలి. ఫెరిటిన్ మరీ ఎక్కువైతే కొన్ని మెషీన్లు యాంటీబాడీ చాలక తక్కువ చూపిస్తాయి. క్లినికల్‌గా పొసగకపోతే పదో వంతు పలుచన చేసి మళ్లీ పెట్టమని ల్యాబుని అడగాలి.

స్క్రబ్ టైఫస్ సంగతి విడిగా చెప్పాలి. అది వైరస్ కాదు, కానీ వైరల్ మెదడు వాపు వేషంలో వస్తుంది. వెన్నునీటిలో లింఫోసైట్స్, ప్రోటీన్ కాస్త ఎక్కువ, అచ్చం వైరల్ లాగే. రక్తంలో మాత్రం సీఆర్‌పీ బాగా ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, ఎస్‌జీఓటీ (కాలేయ ఎంజైమ్) ఎక్కువ. కాల్చిన సిగరెట్టు మచ్చలాంటి పొక్కు కోసం చంకలు, తొడల మూలలు, రొమ్ము కింద, చెవి వెనక వెతకాలి. ఐజీఎమ్ మొదటి అయిదారు రోజుల్లో నెగటివ్ రావచ్చు, దాని కోసం డాక్సీసైక్లిన్ ఆపకూడదు. "వైరల్" అని రాసేసి సీఆర్‌పీ 140ని పట్టించుకోకపోవడం ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. ఈ మార్కర్ నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే.

#17 రాజాం_స్లైడు

న్యూరోఫిలమెంట్ లైట్ అని కొత్తగా ఒకటి వినిపిస్తోంది. "కోవిడ్ తర్వాత మెదడు మసక" అంటూ ఐఎల్-6, హెచ్‌ఎస్-సీఆర్‌పీ, డీ-డైమర్ కలిపి ప్యాకేజీలు కూడా అమ్ముతున్నారు. చేయించాలా?

#18 కోట_జంక్షన్

న్యూరోఫిలమెంట్ ఇన్‌ఫ్లమేషన్ మార్కరే కాదు. నరం తీగ, అంటే యాక్సాన్, తెగితే కారే పదార్థం. నిప్పు ఎంతుందో అది చెప్పదు, ఎంత కాలిందో చెబుతుంది. పికోగ్రాముల్లో ఉంటుంది, మామూలు మెషీన్లకి అందదు. వయసుతో పెరుగుతుంది, కిడ్నీ పాడైతే పెరుగుతుంది, లావుగా ఉన్నవాళ్లలో తక్కువ కనిపిస్తుంది. ఉద్దానం మనిషికి చేసి "నరాలు పోతున్నాయి" అంటే అది కిడ్నీ అంకె కావచ్చు. సీరంలో కంటే ప్లాస్మాలో తక్కువొస్తుంది, రెండోసారి అదే రకం ట్యూబులో తీయకపోతే పోల్చలేరు. పరిశోధనకి మంచిది, ఈవేళ వార్డులో నిర్ణయం మార్చదు.

ప్యాకేజీ వద్దు. కోవిడ్ అనంతర స్థితిని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో లక్షణాలతో నిర్వచించింది: జబ్బు మొదలైన 3 నెలలకి ఉండి, కనీసం 2 నెలలు సాగి, వేరే కారణం లేనిది. అందులో రక్త పరీక్ష ఏదీ లేదు, చాలామందిలో సీఆర్‌పీ మామూలుగానే ఉంటుంది. మామూలుగా ఉందని వాళ్ల మసక అబద్ధమూ కాదు. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12, చక్కెర, క్రియాటినిన్ చేయించండి, బాగుచేయదగ్గది దొరికితే వాటిలోనే దొరుకుతుంది. హెచ్‌ఎస్-సీఆర్‌పీ, సీఆర్‌పీ ఒకే అణువు. చిన్న అంకెల్ని సన్నగా కొలిచే పద్ధతి, గుండె ముప్పు కోసం. జలుబు ఉన్న వారంలో దాన్ని కొలిస్తే దేనికీ పనికిరాదు.

ఒకచోట మాత్రం ఖరీదైన పరీక్ష వదలకూడదు. హెర్పిస్ మెదడు వాపు తగ్గి ఇంటికెళ్లినవాళ్లు కొన్ని వారాలకి మళ్లీ వింతగా ప్రవర్తిస్తే, చేతులు, మూతి తిప్పుతుంటే, ప్రతిసారీ వైరస్ తిరగబెట్టిందని కాదు. మెదడు కణాల మీద పడే ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. దానికి సీరం ఒక్కటే చాలదు, వెన్నునీరు పంపాలి. అప్పుడు కూడా సీఆర్‌పీ 1 ఉంటుంది, దాన్ని చూసి మానసిక వార్డుకి పంపొద్దు.

#19 నాగావళి_ల్యాబ్

వెన్నునీరు అన్నారు కాబట్టి చివరి సందేహం. జీబీఎస్ అనుమానంతో మూడు గొట్టాలు వస్తాయి. రాత్రయితే ఫ్రిజ్‌లో పెట్టి తెల్లారి చేయొచ్చా?

#20 బొబ్బిలి_పెథాలజీ

అన్నింటినీ ఒకేలా చూడకూడదు. మొదటి గొట్టం ప్రోటీన్, చక్కెరకి. దాంతో పాటు అదే సమయంలో తీసిన రక్తపు చక్కెర కూడా ఉండాలి, లేకపోతే 45 అనే అంకెకి అర్థం లేదు. దీని సీరంలాంటి పైనీరు ఫ్రిజ్‌లో ఆగుతుంది. రెండోది కల్చర్‌కి, దాన్ని చల్లబరచొద్దు, గది వేడిలోనే ఉంచాలి. పీసీఆర్‌కి పంపే భాగం ముందే వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టండి. సూది గుచ్చుకుని రక్తం కలిస్తే, ప్రతి 1000 ఎర్ర కణాలకి ప్రోటీన్‌లోంచి డెసిలీటరుకి సుమారు 1 మిల్లీగ్రాము తీసేసి చదవాలి.

మొదటి వారంలో ప్రోటీన్ మామూలుగా ఉందని జీబీఎస్ కొట్టేయకండి, మూడో వంతు నుంచి సగం మందిలో అలాగే ఉంటుంది. కణాలు 50 దాటితే మాత్రం వేరే జబ్బు వెతకాలి. అందుకే మూడో గొట్టం ముఖ్యం. అందులోని న్యూట్రోఫిల్స్ రెండు గంటల్లో దాదాపు సగం చెదిరిపోతాయి. తెల్లారి లెక్కపెడితే 80 కణాలున్న మెనింజైటిస్ కూడా జీబీఎస్ లాగే కనిపిస్తుంది. రాత్రి పదకొండుకి వచ్చినా కణాలు లెక్కపెట్టే న్యూబార్ చాంబరు అప్పుడే కడిగి తుడుచుకుని కూర్చోవాలి.